ఆ మాటకు నీళ్ళు పోసిన రోజులు

నా తెలివితక్కువతనం గురించి నేనే ముందుగా చెప్పుకోవడం మేలు. ఇంకొకరికి వదిలేస్తే మొహమాటానికి తగ్గించి చెబుతారు. జన్మలో పార పట్టని నేను, నడక వచ్చిన నాటి నుంచీ పార పట్టిన మనుషులకు సేద్యం ఎలా చెయ్యాలో ఉపన్యాసం ఇచ్చాను. అదీ ఎడారి ఒడ్డున. అదీ ఒక హీబ్రూ మాటను ఆధారం చేసుకొని.

డెబ్బైల చివరి మాట ఇది. అల్ ఐన్‌లో ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో టైమ్ కీపర్‌గా ఉండేవాణ్ని. పేరుకే టైమ్ కీపర్ని గాని, నా దగ్గర టైము ఏనాడూ నిలిచింది లేదు. ఊళ్ళో మాత్రం దుబాయ్ అనే చెప్పాను. అల్ ఐన్ అంటే అదెక్కడ అని అడుగుతారు, దుబాయ్ అంటే ఏం తెస్తావు అని మాత్రమే అడుగుతారు. ఒక ఖర్జూరపు తోట గోడ పక్కన చెక్క గదుల క్యాంపు మాది. మా గదిలో నాతో పాటు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ, ఆయన వెంట వచ్చిన ముగ్గురు తాపీ పనివాళ్ళు, గోదావరి జిల్లా డ్రైవరు ఒకాయన ఉండేవాళ్ళం. డ్రైవరు షార్జా ఇండస్ట్రియల్ ఏరియా నుంచి సామాను తెచ్చే పికప్పు నడిపేవాడు. వెళ్ళినప్పుడల్లా రోలా బజారులో తిరిగొచ్చి, అక్కడి ఫ్యాషన్లన్నీ మా గదిలోకి దింపేవాడు.

నా పిచ్చికి మూలం కాలేజీ రోజుల్లో చదివిన ఒక పుస్తకం. దానికి అట్ట లేదు, చివరి సగమూ లేదు. అందులోనే కిబ్బుట్జ్ అనే మాట మొదటిసారి చూశాను. హీబ్రూలో కూడిక అని అర్థమట. పొలం అందరిదీ, పని అందరిదీ, ఒకే వంటశాల, ఒకే పంక్తి. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు పని చేస్తారు, ఎవరి అక్కర కొద్దీ వాళ్ళు తీసుకుంటారు. ఇంగ్లీషు వాళ్ళకు దానికి సరిపడే మాట దొరక్క ఆ మాటనే ఎత్తుకుపోయారు, వాళ్ళ దగ్గర నుంచి మనం. భాషలు ఇలా మాటలు అరువు తెచ్చుకుంటాయి గాని తిరిగి ఇచ్చిన దాఖలా ఎక్కడా లేదు. ఆ మాట చివరి అక్షరం దగ్గర నా నాలుక ఇప్పటికీ సైకిలు గతుకులో పడ్డట్టు పడుతుంది. అయినా అది నన్ను పట్టుకుంది. మనుషులు పోట్లాడుకోకుండా ఒకే మడిలో బతకవచ్చునన్న నమ్మకం అది. పోట్లాటల సంగతి బహుశా ఆ చివరి సగంలో ఉండి ఉంటుంది.

గోడ అవతల తోట ఒక ముసలి అర్బాబ్‌ది, అంటే అరబ్బు యజమానిది. గడ్డానికి గోరింటాకు, చేతిలో సన్నటి కర్ర, వెనకాల మేకలు. తోట చివర సిమెంటు తొట్టి ఒకటి, దాని పక్కన ఖాళీగా పడున్న చిన్న చెలక. మేస్త్రీ సెలవు నుంచి వస్తూ రుమాల్లో ముడేసుకొని పుంటికూర గింజలు తెచ్చాడు. మా వైపు గోంగూర అంటాం. గింజలు ఆయనవి, పిచ్చి నాది, నేల ఒక్కటే తక్కువ. ఒక శుక్రవారం నేను వెళ్ళి క్యాంపు హిందీలో అర్బాబ్‌ను అడిగాను. ఆయన చాలాసేపు నా చేతుల వంక చూశాడు. కాగితాలు తప్ప ఏమీ మొయ్యని చేతులవి.

"చలికాలం పోయేలోగా వచ్చి చూస్తా. పచ్చగా ఉంటే మీది. లేకపోతే నా మేకలకు గడ్డి వేస్తా. ఖలాస్," అన్నాడు.

ఆ సాయంత్రమే గదిలో సభ పెట్టాను. మడిని పంచుకోకూడదు, అందరం కలిసి చెయ్యాలి అని చెప్పి, ఆ మాట పలికాను. వెంటనే తలుపు వేసి, బయట మాత్రం అనకండి అని బతిమాలాను. ఆ మాట పుట్టిన యూదుల దేశం పేరే ఆ అరబ్బు నేల మీద ఎవరూ పలికేవాళ్ళు కారు. మా ఆఫీసు గోడ మీది పటంలో ఆ చోట నల్ల సిరా పూసి ఉండేది.

"గదేంది సారూ, అనరాని మాట తెచ్చి మా నెత్తిన వెట్టినవ్," అన్నాడు మేస్త్రీ. "అనద్దంటే ఇంకెట్ల పిలువాలె?"

"పేరు లేకపోతేనేం?"

"పేరు లేకుంటే పోదాం పా అని ఏడికని పిలుస్త? ఆ మాట అందం, తియ్యి."

అలా ఆ చెలకకు 'ఆ మాట' అని పేరు పడింది. ఆ మాట కాడికి పోయొస్త అనేవాళ్ళు. ఆ మాటలో రాళ్ళు ఏరాం, ఆ మాటను తవ్వాం, ఆ మాటకు మేకల ఎరువు వేశాం. మాట మీద నిలబడటం అంటే ఏమిటో జీవితంలో మొదటిసారి, అక్షరాలా, బూట్లు విప్పి నిలబడి తెలుసుకున్నాను.

డ్రైవరు మంచం మీద నుంచి దిగలేదు. "ఏవండీ ప్రెసిడెంటు గారూ, మీరేవో రాజ్యం కడతన్నారు, మాబోటి వాళ్ళం చూసి సంతోషిస్తావండి, ఆయ్," అన్నాడు. అప్పటి నుంచీ నేను ప్రెసిడెంటునే. టిఫిన్ గిన్నె కడుక్కుంటున్నా, బట్టలు ఉతుక్కుంటున్నా ప్రెసిడెంటు గారే.

అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుందని పెద్దలంటారు. మా దగ్గర అచ్చం దానికి ఎదురు జరిగింది. మేస్త్రీ వాళ్ళది చుక్క నీరు లేని మెట్ట. మొగులు దిక్కు చూసి చూసి మెడలు పట్టేసిన మనుషులు. అలాంటివాళ్ళ ముందు రోజంతా నిండుతూ ఉండే తొట్టి పెడితే చెయ్యి ఆగుతుందా? మేస్త్రీ పొద్దున్నే పనికి వెళ్ళే ముందు నీళ్ళు పోసేవాడు. ఆయన మనుషులు పని నుంచి వచ్చాక, స్నానానికి వెళ్తూ తలా ఒక బకెట్టు గుమ్మరించేవాళ్ళు. నేను ఆఫీసు వదిలాక, ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసుకొని, నా వంతు ప్రేమ పోసేవాణ్ని. మిగతావాళ్ళు మరిచిపోయి ఉంటారని ప్రతివాడి నమ్మకం.

మొలకలు వచ్చాయి, రెండాకులు వేశాయి, పసుపు తిరిగాయి, పడుకున్నాయి. ఆ నీళ్ళలో కొంచెం ఉప్పు కూడా ఉండేది. ఎండకు మడి మీద తెల్లటి పొర తేలింది. అందరం చుట్టూ నిలబడ్డాం.

"పొద్దుగాల నేను వోసిన కదా," అన్నాడు మేస్త్రీ.

"నువ్వు వోస్తే మరి పొద్దుమూకి నేనెందుకు వోసిన?" అన్నాడు తాపీ వాళ్ళలో పెద్దవాడు.

"నువ్వు వోసుడు నాకెర్కనా?"

"నేను కూడా పోశాను," అన్నాను.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "నువ్వు గూడనా సారూ? నీకు బకిటె మొయ్యస్తదా?"

డ్రైవరు ఆ రోజు మాత్రం చూడటానికి వచ్చాడు. "ఉప్పేసి పెంచితే మంచిదేనండి. వండేటప్పుడు మళ్ళీ వెయ్యక్కర్లేదు," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మేస్త్రీ తన దారం, మేకులు పట్టుకొని వచ్చాడు. గోడ కట్టేటప్పుడు వరస తప్పకుండా లాగే దారం అది. రుమాల్లో సగం గింజలే మిగిలాయి. ఇంకొకరు సెలవుకు వెళ్ళి వస్తే తప్ప మళ్ళీ గింజలు రావు, ఈలోగా చలికాలం ఆగదు.

"ఇగ ఖలాస్ సారూ. ఎవ్వని మడి వానికి గీత గీసుడే. నా మడి సస్తే నేనే ఏడుస్త. గిది అందరి మడి. సస్తే ఎవ్వడేడ్వాలె?"

"అందరం ఏడుద్దాం. అందుకే కదా దాన్ని ఉమ్మడి అనేది."

ఆయన వినలేదు, మేకు దిగ్గొట్టాడు. దారం లాగాడు. నాకు తోచినదల్లా ఒకటే. వెళ్ళి ఆ దారం మీద కూర్చున్నాను. ఆఫీసు ప్యాంటుతోనే, ఆ ఉప్పు బురదలోనే.

"లెవ్వు సారూ, మంచిగుండదు."

"లేవను. గీత గీస్తే నా మీద నుంచి గియ్యి."

తాపీ వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. మేస్త్రీకి కోప్పడాలో నవ్వాలో తెలియలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దేశం కాని దేశంలో ప్రతివాడి పెట్టెకీ ఒక తాళం, ప్రతివాడి మంచానికీ ఒక తెర ఉన్నాయి. తాళమూ తెరా లేని చోటు అదొక్కటే. అది కూడా గీతలుగా చీలిపోతే నేను నోరు మూసుకొని ఆఫీసు పటంలో సిరా మరకలా బతకాల్సిందే అనిపించింది. చీకటి పడేదాకా అయినా సరే, లేవకూడదనే నిశ్చయం.

డ్రైవరు గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. "రాజ్యవైతే వచ్చిందండి. రాజు గారు కూడా ఆసీనులయ్యారు. జెండా ఒక్కటే తక్కువండి, ఆయ్."

వెటకారంలో కూడా ఒక్కోసారి వరాలు రాలుతాయి. లేచి గదికి పరిగెత్తాను. నేను లేచానని మేస్త్రీ దారం బిగించబోతుండగానే, నా ఎర్ర గళ్ళ లుంగీలోంచి చింపిన పేలిక కర్రకు కట్టుకొని తిరిగి వచ్చాను.

"ఇదిగో మేస్త్రీ, గీత వద్దు. ఆ రోజుకు నీళ్ళు ఎవరు పోస్తే వాళ్ళు ఈ జెండా ఎత్తాలి. జెండా లేచి ఉంటే ఇంకెవరూ చుక్క పోయకూడదు. పొద్దున్నే ముందు లేచేది నువ్వే కాబట్టి దించేది నువ్వు."

మేస్త్రీ జెండా వంకా, నా చిరిగిన లుంగీ వంకా చూశాడు. "ఇంత జేసినంక కాదంటే పాపం తలుగుతది," అని దారం చుట్టేశాడు. "గీ ఒక్కసారే సారూ. మల్ల సస్తే మాత్రం గీతే."

మిగిలిన గింజలన్నీ వేసేశాం. మొదటి వారం చూడాలి మా అవస్థ. లేచి ఉన్న జెండా ముందు ముగ్గురేసి మనుషులు నిండు బకెట్లతో నిలబడి, పెళ్ళిలో వడ్డన అయిపోయాక వచ్చిన చుట్టాల్లా దిగులుగా చూసేవాళ్ళు. కాని ఎవరూ నియమం తప్పలేదు. ఆ నీళ్ళతోనే మడికి ఎడంగా స్నానం చేసి వచ్చేవాళ్ళు.

ఈసారి మొక్క నిలబడింది. మోకాలి ఎత్తుకు పెరిగింది. ఎర్ర కాడలు, ముదురాకుపచ్చ ఆకులు. మొదటి కోత రోజున గది ముందు స్టవ్ పెట్టి పప్పులో వేశాం. నేను గోంగూర పప్పు అంటే మేస్త్రీ పుంటికూర పప్పు అన్నాడు. వాదించుకుంటూ ఉండగానే డ్రైవరు పళ్ళెంతో ముందు కూర్చున్నాడు. అందరి కంటే పెద్ద పళ్ళెం.

"ఒక్కనాడన్న పార వట్టినవా అన్నా నువ్వు?" అన్నాడు మేస్త్రీ.

"ప్రెసిడెంటు గారు ఏం చెప్పారండి? శక్తి కొద్దీ పని, అక్కర కొద్దీ తిండి. నా శక్తి తక్కువండి. అక్కరే కాస్త ఎక్కువ." గరిటె ఆయనే తీసుకొని వడ్డించుకున్నాడు.

నా మాటతోనే నన్ను కొట్టాడు. మేస్త్రీ గిన్నె మీద మూత పెట్టాడు. వీణ్ని తీసెయ్యాలె అన్నాడు. తాపీ వాళ్ళు సరే అన్నారు. అందరూ నా వైపు చూశారు.

"తీసెయ్యడానికి వీల్లేదు," అన్నాను. "ఇవాళ ఆయన్ని తీసేస్తే రేపు ఇంకొకర్ని తీసేస్తాం. చివరికి నేనూ జెండా మిగులుతాం. పెట్టండి ఆయనకు."

"గట్లనా? మరి నా శక్తి గూడ తక్వనే," అని మేస్త్రీ లేచిపోయాడు. ఆ మర్నాటి నుంచి ఆయనా, ఆయన ముగ్గురు మనుషులూ చెలక వైపు వెళ్ళలేదు.

నీళ్ళ వరకైతే నేను మోసేవాణ్ని. కాని మేకల ఎరువుతో వచ్చిన గడ్డి మొక్కలను మింగేస్తోంది. వారం కూడా గడవలేదు, ఎక్కడ ఆకు ఉందో ఎక్కడ గడ్డి ఉందో పోల్చుకోలేని స్థితి వచ్చింది. సరిగ్గా అప్పుడే అర్బాబ్ గోడ మీద నుంచి కర్రతో సైగ చేసి, వచ్చే శుక్రవారం చూస్తానన్నాడు. ఆయన వెనక మేక ఒకటి కూడా నా వైపు ఆశగా చూసింది.

గురువారం దాకా ఒక్కణ్నే కలుపు తీస్తూ కూర్చున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఒక మూల కూడా పూర్తి కాలేదు. అలా గడ్డి పీకుతుంటే ఆ సగం పుస్తకంలోని ఒక పేజీ గుర్తుకొచ్చింది. పాత రోజుల్లో ఆ మనుషులకు బట్టలు కూడా సొంతం కావట. ఉతికినవన్నీ ఒక చోట పేర్చితే, ఎవరికి ఏది వస్తే అది వేసుకొనేవాళ్ళట. చదివినప్పుడు అయ్యో అనుకున్నాను. ఇప్పుడు ఆహా అనుకున్నాను.

ఆ సాయంత్రం మళ్ళీ సభ. నియమం సగమే చెప్పాను, మిగతా సగం ఇవాళ చెబుతున్నానన్నాను. పొలమే కాదు, సామాను కూడా అందరిదే. దుప్పటి నుంచి చొక్కా దాకా. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి.

మొదట లేచిన చెయ్యి డ్రైవరుదే. కారణం నాకు తెలుసు. మేస్త్రీ దగ్గర ఒక దళసరి దుప్పటి ఉండేది. అల్ ఐన్ చలికి డ్రైవరు కళ్ళు ఎప్పుడూ దాని మీదే. మేస్త్రీ మండిపడబోయాడు. నేను ఆయన వంక చూసి, మెల్లగా డ్రైవరు మంచం పైన మేకుకు వేలాడుతున్న చొక్కా వంక చూశాను. రోలాలో కొన్నది. నీలం మీద పసుపు పువ్వులు, ఒక్కొక్కటి అరచేయంత. కాలరు ఏనుగు చెవులంత. దాని కింద, గుడ్డ కప్పి, ఎవరినీ తాకనివ్వని టూ ఇన్ వన్, రేడియో, టేపు కలిసినది.

మేస్త్రీ రెండు చేతులూ ఎత్తాడు.

మర్నాడు శుక్రవారం, సెలవు. తెల్లవారేసరికి డ్రైవరు దళసరి దుప్పట్లో వెచ్చగా పడుకొని ఉన్నాడు. గోడ అవతల నుంచి తన టూ ఇన్ వన్‌లో పాట వినిపించి లేచాడు. ఒంటి మీద దుప్పటితోనే పరిగెత్తుకొచ్చాడు.

టూ ఇన్ వన్ తొట్టి గట్టు మీద మోగుతోంది. మేస్త్రీ పువ్వుల చొక్కా వేసుకొని, బురద చేతులు దానికే తుడుచుకుంటూ కలుపు తీస్తున్నాడు. తాపీ వాళ్ళు ముగ్గురూ ఆయన పక్కన. దుప్పటి పోగొట్టుకున్న కసి ఆయన చేతుల్లో కనిపిస్తోంది.

"మేస్త్రీ! చొక్కా! చొక్కా అండీ!"

"చొక్కా గాదు, అంగి. మనందరి అంగి," అన్నాడు మేస్త్రీ తల ఎత్తకుండా.

"అది నీళ్ళలో పడతాదయ్యా!" డ్రైవరు టూ ఇన్ వన్‌ను వాటేసుకున్నాడు.

"పడకుండ సూడు మరి. గదే నీ పని," అన్నాడు తాపీ పెద్దవాడు.

ఆయన తొట్టి గట్టు మీద కూర్చొని దాన్ని కాపలా కాశాడు. చొక్కా ఎంత తొందరగా బయటపడితే అంత మంచిదని కాబోలు, కాసేపటికి, అక్కడ గడ్డి వదిలేశావు అన్నాడు. ఇంకాసేపటికి, అది కాదయ్యా పీకడం, వేరుతో రావాలి అన్నాడు. గోదావరి నీళ్ళు తాగిన ఒళ్ళు, ఎంతసేపు చూస్తూ ఊరుకుంటుంది? టూ ఇన్ వన్‌ను దుప్పట్లో చుట్టి భద్రంగా పెట్టి దిగాడు. దిగినవాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆయన తీసిన వరసలో గడ్డి పోచ మిగల్లేదని చెప్పక తప్పదు.

జుమ్మా నమాజు అయ్యాక అర్బాబ్ వచ్చాడు. మడి చుట్టూ తిరిగాడు. కర్రతో ఆకు ఎత్తి చూశాడు.

"యే క్యా? మేకల తిండా?"

మేస్త్రీ ఒక లేతాకు తుంచి ఇచ్చాడు. అర్బాబ్ నమిలాడు. ఒక కన్ను మూసుకుపోయింది. తర్వాత రెండోది. ఆయన రెండు కళ్ళూ తెరిచి, ఇంకో ఆకు ఆయనే తుంచుకున్నాడు.

"ఖల్లీ, ఖల్లీ," అన్నాడు, ఉండనీ అన్నట్టు చెయ్యి ఊపుతూ. మేకను అదిలించి అవతలికి తోలాడు. జెండా వంక చూసి ఇదేమిటన్నాడు. ప్రెసిడెంటు గారి లుంగీ అండి అని డ్రైవరే హిందీలో విడమరిచి చెప్పాడు.

ఆ మాట మరుసటి ఏడు కూడా మాదే అయింది, గీత లేకుండా. దుప్పటి మేస్త్రీకి తిరిగి వెళ్ళింది, టూ ఇన్ వన్ మాత్రం శుక్రవారాలు చెలకలోనే మోగేది. సామాను అందరిదన్న నియమాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. డ్రైవరు కలుపు తీసేవాడు. తీస్తూనే ప్రెసిడెంటు గారండీ అని నన్ను తినేసేవాడు. క్యాంపంతా ఆ పేరే పట్టుకుంది. చివరికి మేం ముదీర్ అని పిలిచే మా మేనేజరు కూడా ఒకసారి ఆఫీసులో, యల్లా ప్రెసిడెంట్, హాజరు పట్టీ ఏదీ అన్నాడు. అది మాత్రం నేను మనసులో దాచుకున్నాను.

ఎండలు ముదిరే ముందు డ్రైవరు సెలవుకు బయలుదేరాడు. దుబాయ్ నుంచి వచ్చినవాడు ఊళ్ళో బస్సు దిగితే ఎలా ఉండాలో అందరికీ తెలుసు. బెల్‌బాటం, నల్ల కళ్ళద్దాలు, చేతిలో టూ ఇన్ వన్, అన్నిటికీ మించి చొక్కా. ప్రయాణం రోజు పొద్దున ఆయన మేకు వైపు చెయ్యి చాపాడు. మేకుకు నా తెల్ల చొక్కా వేలాడుతోంది. జేబు మీద సిరా మరక, కాలరుకు నేనే వేసుకున్న కుట్లు.

"నా చొక్కా ఏదండీ?"

"ఏ చొక్కా?" అన్నాను. అప్పటికే అది నా ఒంటి మీద ఉంది.

"ఏవండీ, బాగోదండి. ఊరెళ్తన్నాను."

"ఈ వారం వంతు నాది. నియమానికి మొదట చెయ్యెత్తింది మీరే కదండీ. ఆయ్."

ఆయన మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ గోడకు తిరిగి నవ్వును దగ్గుగా మార్చి దగ్గాడు. విమానం ఎవరి చొక్కా కోసమూ ఆగదు. టాక్సీ అప్పటికే హారన్ కొడుతోంది. నా చొక్కా తొడుక్కొని, సిరా మరకను టూ ఇన్ వన్‌తో కప్పుకొని, ఆయన ఎక్కాడు.

నేను రోడ్డు దాకా వెళ్ళి సాగనంపాను. టాక్సీ మలుపు తిరిగేదాకా ఆయన తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు, నా మొహాన్ని కాదు, చొక్కానే. కాలరు బాగా కనపడాలని, నేను చెయ్యి ఇంకొంచెం ఎత్తి ఊపాను.